రాయి కూర్చున్న తీరు

నంద్యాల పాత బజారులో రాజేశ్వరమ్మ ఇత్తడి సామాన్ల అంగడి ఇంకా తలుపులు తీయకముందే, ఆ అంగడి మిద్దె మీద ఆడవాళ్ళు చాపలు పరుచుకుంటారు. ఎవరి చాప వాళ్ళే తెచ్చుకుంటారు. ఒకరిది ప్లాస్టిక్ చాప, ఒకరిది ఈతచాప, ఒకరిది అంచులు పోయిన బొంత. దూదేకుల వీధి నుంచి వచ్చే ఒకామె అయితే ఎన్నికలప్పటి ఫ్లెక్సీ తిరగేసి పరుచుకుంటుంది. అడుగున ఎవరి ముఖం ఉందో ఎవరూ అడగరు. మిల్లుల వైపు నుంచి ఊక వాసన గాలిలో తేలి వచ్చే వేళకు ఉషశ్రీ మెట్లెక్కి వస్తుంది. ఆమె మెట్లెక్కే చప్పుడు అందరికీ గుర్తే. ఒక అడుగు తేలిగ్గా, ఒక అడుగు బరువుగా.

ఆమెకు కుడి మోకాలు ముడుచుకోదు. బండి ఆత్మకూరు నుంచి స్కూటీ మీద వస్తుంటే బర్రె అడ్డమొచ్చింది. బర్రెకు ఏమీ కాలేదు. ఉషశ్రీ మోకాల్లో మాత్రం ఉక్కు పలక వేశారు. అప్పటి నుంచి ఆ కాలు, చెక్క ఉబ్బిన తలుపు మాదిరి, కొంత దూరం వచ్చి ఆగిపోతుంది. పెళ్ళి కాలేదు. అది వేరే సంగతి, ఈ కథలో దానికి పని లేదు. జనం మాత్రం రెండింటినీ కలిపే మాట్లాడుతారు.

మన ఊళ్ళలో కాలికి ఉన్నన్ని కట్టుబాట్లు నోటికి లేవు. నోటితో ఎవరినైనా ఎంత మాటైనా అనొచ్చు. కాలు మాత్రం దేవుడి వైపు చాపకూడదు, పెద్దల వైపు చాపకూడదు, అన్నం వైపు, పుస్తకం వైపు, దీపం వైపు చాపకూడదు. ఆడది అయితే అసలు చాపనే కూడదు. ఇన్ని దిక్కులు తీసేస్తే మిగిలిన దిక్కు ఏదో ఏ పెద్దమనిషీ చెప్పినట్టు నేను వినలేదు. గృహప్రవేశాల్లో, పేరంటాల్లో ఉషశ్రీ కుడికాలు చాపుకుని దాని మీద కొంగు కప్పుకుని కూర్చునేది. వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ పక్క నుంచి మోచేత్తో పొడిచేది.

"కాలు ముడుచుకోవే."

"అది ముడుచుకోదమ్మా."

"కొంచెమన్నా ముడుచుకోవే. అందరూ చూస్తాండారు."

ఆ మిద్దె మీద ఉషశ్రీ యోగా నేర్పే గంటసేపు మాత్రం ఎవరూ ఆ మాట అనరు. అక్కడికి వచ్చేవాళ్ళందరి ఒంట్లోనూ ఏదో ఒకటి ముడుచుకోదు, లేదంటే విప్పుకోదు. కాన్పు ఆపరేషన్ అయినవాళ్ళు, నడుం పట్టేసినవాళ్ళు, చెయ్యి భుజం దాటి లేవనివాళ్ళు. ఉషశ్రీ వాళ్ళకు ఒకే ఆసనం పది రకాలుగా చెబుతుంది. "రవికె కుట్టించుకునేటప్పుడు కొలతలిస్తారా లేదా? ఆసనానికీ అంతే," అంటుంది. ఒకామె గోడ పట్టుకుని వంగుతుంది, ఇంకొకామె కుర్చీలో కూర్చుని వంగుతుంది, ఫ్లెక్సీ ఆమె వంగదు, వంగినట్టు అనుకుంటుంది. "అది కూడా మంచిదే," అంటుంది ఉషశ్రీ.

ఒకరోజు ఆ వేళప్పుడు సత్యనారాయణ శెట్టి మెట్లెక్కి వచ్చాడు. ఆయన ఉషశ్రీకి మేనమామ, రాజేశ్వరమ్మకు తమ్ముడు. వడ్ల వ్యాపారి. కుందూ ఒడ్డున కడుతున్న కొత్త యోగా పార్కు కమిటీకి అధ్యక్షుడు. ఆ మిద్దెలో ఆయనకు సగం వాటా ఉంది.

"ఏందమ్మాయ్, ఇంకా ఈడనే ఎగురుతాండారా?"

"ఎగరడం లేదు మామా. ఊపిరి తీస్తాండాం."

"ఊపిరి కిందికి దిగి కూడా తీయొచ్చు. శ్రావణం పోగానే దీని మీద ఇంకో అంతస్తు లేపుతాండా. మేస్త్రీతో మాట్లాడినా."

చాపల మీద ఊపిర్లన్నీ ఒక్కసారి ఆగాయి.

"సరే మామా. పార్కులో మండపం కడుతున్నారు కదా, మాకు అదియ్యి."

శెట్టి నవ్వాడు. "దానికి గురువును చూసినాం. అహోబిలం సాములోళ్ళ పిల్లోడు, దామోదర్. రిషీకేశం పోయి నేర్చుకొని వచ్చినాడు. ఒళ్ళు తడిబట్ట మాదిరి తిరుగుతాది. నువ్వేమో బాసింపట్టు కూడా వేయలేవు. ఈత రానోడు గట్టున నిలబడి ఈత నేర్పినట్టుంటాది."

"పద్మాసనం ఒక్కటే యోగమని ఎవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పేదేముంది, ఏ బొమ్మలో చూసినా అదే కదా! ఆళ్ళగడ్డలో నేనే విగ్రహం చెక్కిస్తాండా, ఆడమనిషి పద్మాసనంలో ఉన్నట్టు. పార్కు తెరిచేరోజు మండపం ముందర పెడతాం. సూడు ఉషా, ఒక మాట చెబుతా. ఆ విగ్రహం ఎట్ల కూర్చుంటే అట్ల, ఆ జనం ముందర కూర్చున్నోళ్ళకే మండపం తాళంచెవి. నువ్వు కూర్చో, నీకే ఇస్తా."

ఎగతాళికే అన్నాడు. కానీ నంద్యాలలో వడ్ల బేరం నోటిమాట మీదనే నడుస్తుంది. కళ్ళంలో రాశి ముందు నిలబడి మాట అనేశాక, మర్నాడు ధర ఎటు పోయినా ఆ మాట వెనక్కి తీసుకున్నవాడికి మళ్ళీ ఎవరూ గింజ అమ్మరు. ఆ సంగతి ఆ మిద్దె మీద అందరికీ తెలుసు.

"ఇంతమంది విన్నారు మామా," అంది ఉషశ్రీ.

"విననీ," అని ఆయన మెట్లు దిగాడు.

మరుసటి వారమే ఉషశ్రీ ఆళ్ళగడ్డ బస్సెక్కింది. తను ఏ తీరున కూర్చోలేకపోతోందో ఒకసారి కళ్ళారా చూసుకుందామని. ఒక కాలు ముడవని మనిషికి మన బస్సుల్లో సీటు దొరకడం గురించి చెప్పాలంటే అదే పెద్ద కథ. సిరివెళ్ళ దాకా నిలబడింది. తర్వాత కండక్టరు తన సీటిచ్చి, ఆ చాచిన కాలికి తగలకుండా జనాన్ని దాటిస్తూ టికెట్లు కొట్టాడు.

ఆళ్ళగడ్డలో రోడ్డు పొడుగునా శిల్పుల పాకలు. ఉలి చప్పుడు, గ్రైండరు రొద, తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో సగం తేలిన దేవుళ్ళు, నందులు, కండువాలు వేసుకున్న నాయకులు పక్కపక్కనే నిలబడి ఉంటారు. అక్కడ ఎవరికీ పెద్దాచిన్నా లేదు. శెట్టి విగ్రహం చెక్కుతున్న మద్దిలేటాచారి పాక చివరిది. డెబ్భై దాటిన మనిషి. వాకిట్లో ఆయన భార్య పద్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"శెట్టిగారి విగ్రహం చూడాల తాతా," అంది ఉషశ్రీ.

"చూడు. అయితే ఇప్పుడు ఏ తీరున ఉందో నాకూ తెలీదు. పొద్దున నేను టీ తాగబోయేటప్పుడు కూర్చోనుంది."

విగ్రహం నిలబడి ఉంది. నల్లరాయి. ఒంటి కాలి మీద నిలబడి, రెండో పాదాన్ని తొడకు ఆనించి, చేతులు పైకెత్తి జోడించింది. కళ్ళు మాత్రం పూర్తిగా తెరిచి ఉన్నాయి. తడి ఉన్నట్టు, ఎదురుగా ఉన్నదాన్నంతా చూస్తున్నట్టు ఉన్నాయి.

శిల్పులు కళ్ళు అన్నిటికన్నా చివర తెరుస్తారు. అన్ని అంగాలూ కుదిరాక, నునుపు పట్టాక, స్నానం చేసి వచ్చి రెప్పల గీత గీస్తారు. మద్దిలేటాచారి ముందే తెరిచేశాడు.

"నా కంట్లో పొర దిగుతాంది బిడ్డా," అన్నాడాయన. "ఆపరేషన్ చేస్తే చూపొస్తాదంటారు. వస్తాది, కాదనను. కానీ ఈ చూపే వస్తాదా? రెప్ప గీత రవ్వంత తప్పితే ముఖం దొంగ ముఖమైతాది. అందుకని, కళ్ళు పనిచేస్తాండగానే దాని కళ్ళు తెరిచినా. కాళ్ళూ చేతులూ తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నా. తప్పు నాదే. కళ్ళు తెరిచినాక అది మన మాట వింటాదా?"

"మొదట పద్మాసనంలోనే ఉండె," అంది పద్మమ్మ కాయలు ఒలుస్తూనే. "మేం అన్నానికి పోయి వచ్చేసరికి ఒక కాలు కిందికి దించింది. తిమ్మిరెక్కినట్టుంది అన్నాడీయన. ఎక్కదా మరి, రాయైనంత మాత్రాన? మొన్న ఆ దామోదర్ సామి వచ్చి ఆసనాలు చూపించి పోయినాడు. పాపం, మర్యాదస్థుడు. ఆయప్ప పోయినాక ఇది తలకిందులుగా నిలబడింది. ఈయన బల్లెక్కి పాదాలు నునుపు చేసినాడు."

"పని పెరుగుతాంది, ఇంకేం లేదు," అన్నాడు ఆచారి. "తీరు మార్చినప్పుడల్లా మళ్ళా కొలత తీయాల."

ఇద్దరూ అన్నానికి లోపలికి పోయారు. ఉషశ్రీ ఒక నంది పీఠం మీద కూర్చుని కాలు చాపుకుంది. అలవాటుగా కొంగు కప్పుకుంది. విగ్రహం ఆ కాలి వైపే చూస్తున్నట్టుంది. ఎవరైనా అట్లా చూస్తుంటే ఏదో ఒకటి మాట్లాడాలనిపిస్తుంది.

"నేనూ నీ మాదిరే తిరిగినా," అంది ఉషశ్రీ. "కాలు ఇట్లయినాక ముందు మా ఊళ్ళోనే ఒక క్లాసులో చేరినా. సూర్య నమస్కారాలు, ఒకదాని వెనక ఒకటి. బండి తప్పిపోతాందన్నట్టు చేస్తారు. వాళ్ళు రెండో నమస్కారంలో ఉంటే నేను ఇంకా మొదటిదాంట్లో నేల మీదనే. కర్నూలులో ఒకాయన బెల్టులు, చెక్క దిమ్మెలు, గోడకు తాళ్ళు పెట్టి నేర్పుతాడు. కాలివేలు కూడా ఇటు కాదు అటు అని సర్దుతాడు. అది నాకు మేలు చేసింది. కానీ ఆయన సర్దితేనే నిలబడేదాన్ని, ఇంటికొస్తే మళ్ళా మామూలే. హైదరాబాదులో మా పిన్ని కూతురు ఒక గదికి తీసకపోయింది. తలుపులేసి వేడి పెడతారు, చెమట కారుతాంటే ఆసనాలు వేయాల. నంద్యాల మే నెలలో పెరిగినదాన్ని, దుడ్లిచ్చి ఉక్కపోత కొనుక్కోవాల్నా అని ఆ పొద్దే బస్సెక్కినా. ఒకచోట ఊపిరి మాత్రమే. బాగుండె, కానీ టేపులో గొంతు చెప్పినప్పుడే పీల్చాల, చెప్పినప్పుడే వదలాల. ఇంకోచోట దిండ్ల మీద పడుకోబెట్టి, ఒక్కో ఆసనంలో చాలాసేపు ఉండమంటారు. నా గురకకు నేనే లేచినా."

విగ్రహం నవ్విందని చెప్పలేను. నేను అక్కడ లేను. గాలికి పాక రేకు మాత్రం కదిలింది.

"ఏదీ చెడ్డది కాదు. ఒక్కోదాంట్లో ఒక్కటి నాకు పనికొచ్చింది. మిగతాది ఎవరిదో రవికె తొడుక్కున్నట్టు ఉండె. కదలకుండా ఉండాల, హాయిగానూ ఉండాల. రెండూ కుదిరేది ఎవరికి వాళ్ళే వెతుక్కోవాల." ఆమె కొంగు సర్దుకుంది. "మా మామ ఒక మాటన్నాడు. నువ్వెట్ల కూర్చుంటే అట్ల కూర్చున్నోళ్ళకే మండపం. అది రాకపోతే నా క్లాసు పోయినట్టే. ఆ గంట లేకపోతే మిగతా పొద్దంతా నేను ఊళ్ళో కుంటి ఉషనే. అయినా అడగను. నాకోసం కూర్చోవద్దు. నా మాదిరి కూర్చోవద్దు. నీకేది కుదురుతాదో నువ్వే చూసుకో."

బయట కారు ఆగింది. సత్యనారాయణ శెట్టి దుమ్ముకు ముక్కు మూసుకుంటూ లోపలికి వచ్చి, విగ్రహాన్ని కింద నుంచి పైదాకా చూశాడు.

"ఏందీ! మళ్ళా లేచిందా?"

చెయ్యి తుడుచుకుంటూ ఆచారి వచ్చాడు, వెనకే పద్మమ్మ వచ్చి మళ్ళీ చిక్కుడుకాయల ముందు కూర్చుంది. "లేచింది సామీ."

"పార్కు తెరిచే తేదీ అనుకున్నాం, పిలుపులు పోయినాయి. ఒక పని చెయ్యి. సిమెంటు పెట్టి ఆ కళ్ళు మూసెయ్. పద్మాసనం సరిగ్గా చెక్కు. చివర్లో మళ్ళా తెరువు."

పద్మమ్మ చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆచారి గొంతు మాత్రం పెరగలేదు.

"మా ఇంట్లో కళ్ళు తెరవడం నేర్పినారు శెట్టిగారూ. మూయడం ఎవరూ నేర్పలేదు."

"అయితే వేరే శిల్పిని చూసుకుంటా."

"చూసుకో. ఈ రోడ్డు పొడుగునా అడుగు. కళ్ళు తెరిచిన మూర్తి మీద ఉలి పెట్టేటోడు ఒక్కడు దొరికితే నా ఉలులు కూడా ఆయనకే ఇచ్చి ఇంట్లో కూర్చుంటా."

దొరకడని శెట్టికీ తెలుసు. ఆయన అప్పుడు నందుల మధ్య కూర్చున్న మేనకోడలిని చూశాడు.

"నువ్వేం చేస్తాండావ్ ఈడ? దానికేమన్నా నూరిపోస్తాండావా?"

"నూరిపోస్తే ఎక్కే రకం కాదు మామా, చూస్తాండావు కదా. నువ్వు మాట మీద ఉండావా లేదా?"

"నా మాట యాడికీ పోదు," అన్నాడు శెట్టి. ఆచారి వైపు తిరిగాడు. "అది పద్మాసనం వేసినప్పుడు చూసి బేగా లారీకెక్కించు. అంతే."

అట్లాగే చేశారు. పార్కు తెరిచే రోజు పొద్దున విగ్రహం బుద్ధిగా పద్మాసనంలో కూర్చుని ఉంది. క్రేను వచ్చింది. విగ్రహానికి మెడ నుంచి పీఠం దాకా పసుపు గుడ్డ చుట్టి, గడ్డి పరిచి లారీ ఎక్కించారు. పద్మమ్మ లారీ వెనక నిలబడి, "కుదుపులుంటాయి, జాగ్రత్త," అని చెప్పింది. డ్రైవరుతోనో విగ్రహంతోనో తెలీదు. నంద్యాల చేరేదాకా శెట్టి కారు లారీ వెనకే వచ్చింది. పీఠం మీద దించాక ముఖం మీద కూడా గుడ్డ కప్పారు.

కుర్చీలు వేశారు. ముందు వరుసలో అధికారులు, కమిటీ పెద్దలు, మిల్లుల యజమానులు. వెనక జనం. పక్కగా మిద్దె ఆడవాళ్ళు తమ చాపలు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ఎందుకు తెచ్చుకున్నారంటే, పొద్దున్నే ఇంట్లోంచి బయలుదేరితే చాప చేతికి రావడం అలవాటైపోయింది. రాజేశ్వరమ్మ రెండో వరుసలో, తమ్ముడికి కనపడేలా, పట్టుచీరలో కూర్చుంది.

ఉపన్యాసాలు అయ్యాయి. వాటిని వదిలేద్దాం. శెట్టి తాడు లాగాడు.

విగ్రహం రెండు కాళ్ళూ బార్లా చాపుకుని కూర్చుని ఉంది.

నడుం నిటారుగా ఉంది. చేతులు తుంటికి అటూ ఇటూ పీఠం మీద ఆనాయి. పాదాలు రెండూ పక్కపక్కన, వేళ్ళు పైకి, అరికాళ్ళు సూటిగా ముందు వరుస వైపు. ఆ మడమల్లో పగుళ్ళున్నాయి. జనంలో ఉన్న మద్దిలేటాచారి చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని చూసి, "ఆ పగుళ్ళు నేను చెక్కలేదు," అని పద్మమ్మతో అన్నాడు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, గిన్నెలు తోమి, వాకిలి కడిగి వచ్చి కూర్చున్న ఆడమనిషి ముఖంలో ఒక్క నిమిషం ఒక వెలుగు కనిపిస్తుంది. మళ్ళీ ఎవరో పిలిచేదాకా ఉంటుంది. ఆ వెలుగు ఆ రాతి ముఖంలో ఉంది. ఇప్పుడు ఎవరు పిలిచినా లేచేటట్టు లేదు.

ముందు వరుసలో ఒకాయన కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాడు. శెట్టి ముఖం ఎర్రబడింది.

"దామోదర్ సామీ, ఇది ఏం ఆసనం?"

దామోదర్ ముందుకు వచ్చాడు. పాతికేళ్ళ మనిషి, తెల్లబట్టలు, సన్నటి నామం. "దండాసనమండీ. కూర్చుని వేసే ఆసనాలకు ఇదే మొదలు. చూడటానికి సులువు, నడుం నిలబెట్టడం చాలా కష్టం. చాలా బాగా కూర్చుంది."

"అయితే కూర్చో. తాళంచెవి తీసుకో."

దామోదర్ కదల్లేదు. "నాకు రాక కాదు. అటు పెద్దలున్నారు, వాళ్ళ వెనక గుడి గోపురం కనిపిస్తాంది. అటు అరికాళ్ళు చూపించి కూర్చోవడం మా ఇంట్లో లేదు. పక్కకు తిరిగి కూర్చుంటానండీ."

"తిరుగు, తిరుగు. ఏమైంది!"

"విగ్రహం తిరగలేదు మామా," అన్న మాట వినిపించింది. ఒక అడుగు తేలిగ్గా, ఒక అడుగు బరువుగా ఉషశ్రీ జనంలోంచి వస్తోంది. "అది ఎట్ల కూర్చుంటే అట్ల అన్నావు. జనం ముందర అన్నావు."

"అప్పుడు దానికి ఈ బుద్ధి లేదు కదమ్మాయ్."

"నువ్వన్న మాటలో బుద్ధి సంగతి లేదు."

వడ్ల వ్యాపారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దామోదర్ చేతులు కట్టుకుని పక్కకు తప్పుకుని, ఆమెకు దారి ఇచ్చాడు.

ఉషశ్రీ పీఠం కింద బండల మీద కూర్చుంది. కుడికాలు చాపుకుంది. అలవాటు కొద్దీ ఎడమకాలు ముడుచుకుంది, కొంగు లాగి కుడి పాదం మీద కప్పుకుంది. అట్లా ఒక క్షణం ఉండి, తల పైకెత్తి విగ్రహాన్ని చూసింది. తనకు అడగాలని కూడా తోచనంత దూరం అది పోయింది. ఒక కాలు చాపడానికి తను ఇన్నేళ్ళు అందరికీ క్షమాపణలు చెప్పుకుంది. అది రెండూ చాపింది.

కొంగు తీసేసింది. ఎడమకాలు కూడా చాపింది. చీర కుచ్చిళ్ళు వేళ్ళ మీంచి వెనక్కి లాగి, నడుం నిలబెట్టి, రెండు అరికాళ్ళూ ముందు వరుసకు చూపించి కూర్చుంది.

కుర్చీల్లో గుసగుస లేచింది. రెండో వరుసలోంచి రాజేశ్వరమ్మ లేచి, పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని నడిచి వచ్చింది. కూతురికి చెప్పాల్సిన మాట ఏదో ఊరందరికీ తెలుసు. దానికి జవాబు ఉషశ్రీ నోటి చివర సిద్ధంగా ఉంది.

రాజేశ్వరమ్మ మాత్రం కూతురి పక్కన చతికిలబడి, మూలుగుతూ ఒక కాలు, మూలుగుతూ ఇంకో కాలు చాపింది.

"అక్కా!" అన్నాడు శెట్టి పళ్ళ సందున. "ఏందిది? ఆఫీసర్లు చూస్తాండారు."

"చూడనీరా. నా కాళ్ళను ఇంతవరకూ ఎవరూ చూడలే. నేనే చూడలే." తన పాదాలను కాసేపు వింతగా చూసుకుని, కూతురి వైపు తిరిగింది. "ఊఁ. ఇప్పుడేం చేయాల?"

అప్పటికే పక్కన చాపలు విప్పుతున్న చప్పుడు. ఫ్లెక్సీ ఆమె అందరికంటే ముందు పరుచుకుని, ఈసారి కింది ముఖం పైకి వచ్చినా పట్టించుకోకుండా, దాని మీదే కాళ్ళు చాపుకుంది.

వ్యాపారులందరూ సత్యనారాయణ శెట్టినే చూస్తున్నారు. ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇవ్వాలంటే వంగాలి. చుట్టూ చూశాడు, ఎవరూ అందుకోవడానికి రాలేదు. సగం దాకా వంగి, నడుం పట్టుకుని, అక్కడే ఆగిపోయాడు.

"నిదానంగా మామా," అంది ఉషశ్రీ, కాళ్ళు ముడవకుండానే చెయ్యి చాపి. "ఊపిరి బిగబట్టొద్దు. ముందు వదులు, తర్వాత వంగు."